కొండ పోరంబోకులో ఒక డబ్బా

జియోకాషింగ్ అనే మాటను అర్జీలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా బళ్ళో తెలుగు చెబుతున్నదాన్ని, లేఖారచన పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల చేత తహసీల్దారుకు ఉత్తరాలు రాయించినదాన్ని, ఆ రోజు తెల్లకాగితం ముందు కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను. తమ్ముడు మంచం మీద గోడకు ఆనుకుని, "రాయక్కా, నీకు రాని తెలుగేముంది" అన్నాడు. కాసేపు ఆలోచించి 'కొండపై చిన్న పెట్టె దాచుటకు అనుమతి కోరుతూ' అని విషయం రాశాను. ఆ 'దాచుట' అన్న ఒక్క మాట మమ్మల్ని నెలల తరబడి తిప్పింది.

ఆట గురించి ముందు చెప్పాలి. మా వైపు దాని పేరు విన్నవాళ్ళు లేరు. ఎవరో ఒకరు ఆరుబయట ఒక చిన్న డబ్బా పెడతారు. అందులో ఒక నోటుపుస్తకం ఉంటుంది. డబ్బా ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను ఆ ఆట వెబ్‌సైటులో పెడతారు. ముక్కూమొహం తెలియని మనిషి ఇంకెవరో ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, డబ్బా తీసి, పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోతాడు. అంతే. గెలుపు లేదు, బహుమతి లేదు.

తమ్ముడు సెల్‌ఫోను టవర్లు నిలబెట్టే కంపెనీలో పనిచేసేవాడు. ఏడాదిలో సగం రోజులు రైళ్ళలో, సగం రోజులు టవర్ల మీద. తోటి ఇంజినీరు ఒకాయన ఈ ఆట నేర్పాడట. ఏ ఊరు వెళ్ళినా పనైపోయాక ఒక డబ్బా వెతికేవాడు. దొరగ్గానే నాకు ఫోను చేసేవాడు. "అక్కా, ఈరోజు కొచ్చిలో సముద్రం గోడ సందులో దొరికింది. ముందు రాసినామె ఎవరో జర్మనీ ఆమె." నేను జవాబుపత్రాలు దిద్దుకుంటూ, "సరేలే, అన్నం తిన్నావా?" అనేదాన్ని. ఆ ఫోన్లు అన్నీ మనసు పెట్టి వినివుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ముప్ఫై ఎనిమిదో ఏట వాడి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. మా ప్రాంతంలో ఈ జబ్బు కొత్తేమీ కాదు, వీధికొకరు ఉంటారు. ఉద్యోగం మానేసి, ఒక సూట్‌కేసుతో మార్కాపురం బస్టాండులో దిగాడు. మా అమ్మానాయనలు అప్పటికే పోయారు. నేను పెళ్ళి చేసుకోలేదు; అది వేరే సంగతి. రెండు గదుల అద్దె ఇంట్లో ముందు గది వాడికిచ్చాను. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని గీత గీసిన సీసా ఒకటి కిటికీలో ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు వాడు ఆ సీసాను చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చునేవాడు గానీ మూత తీసేవాడు కాదు.

ఒకరోజు ఫోనులో పటం తెరిచి నాకు చూపించాడు. హైదరాబాదు చుట్టూ, బెంగుళూరు చుట్టూ చిన్నచిన్న గుర్తులు. వేలితో జరుపుతూ జరుపుతూ మా వైపుకు తెచ్చాడు. గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, కనిగిరి, ఎక్కడా ఒక్క గుర్తు లేదు.

"మన దగ్గరికి ఎవరూ ఎందుకొస్తారు లేరా" అన్నాను.

"రావాలంటే ఒకటి ఉండాల గదక్కా. మన ఊరి కొండ మీద పెడదాం. చదును బండ మీద."

మా ఊరు కొనకనమిట్ల మండలంలో ఉంది. వానొస్తే పంట, రాకపోతే వలస. మా వాడ ఊరికి ఎడంగా, రేకుల చర్చి చుట్టూ ఉంటుంది. మా వాళ్ళెవరికీ భూమి లేదు. అందరూ కూలికి పోయినవాళ్ళే. వాడ వెనక గుట్ట కంటే పెద్దది, కొండ కంటే చిన్నది ఒకటి ఉంది. దాన్ని మేము కొండ అనే అంటాం. పైన చదునైన బండ. దాని మీద నిలబడితే అటు వెలికొండలు, ఇటు కంది చేలు, మధ్యలో తెల్లటి దారి కనిపిస్తాయి.

"దానికేముంది, ఆదివారం పోయి రాయి కింద పెట్టొద్దాం" అన్నాను.

"అట్ల కుదరదక్కా. నేల ఎవరిదో వాళ్ళను అడగాల. ఆటలో అది రూలు."

"ఆ కొండ ఎవరిదిరా? ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాకపోతే ఆ పొద్దు అమ్మ కొడవలి ఎందుకు లాక్కున్నారు?"

మా చిన్నప్పుడు అమ్మ ఆ కొండ మీద పుల్లలు కొడుతుంటే ఎవరో ఫారెస్టు గార్డు వచ్చి కొడవలి లాక్కుని, మోపు విప్పించి చెల్లాచెదురు చేయించాడు. అమ్మ వట్టి చేతులతో దిగివచ్చింది. అప్పుడు తమ్ముడికి ఆరేళ్ళు. వాడికి అది గుర్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఈ తూరి కాగితంతో ఎక్కుదాం" అన్నాడు.

అలా మొదలైంది.

పంచాయతీ సెక్రటరీ అర్జీ సాంతం చదవకుండానే, కొండ పంచాయతీది కాదు, రెవెన్యూ వాళ్ళదన్నాడు. ఊరి వి.ఆర్.ఓ. దగ్గరికి వెళ్ళాం. ఆయన రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి, సన్నగా, తెల్ల గళ్ళ చొక్కాలో ఉండేవాడు. పాత పటం బల్ల మీద పరిచి, కొండలో ఇటు సగం పోరంబోకు, అటు సగం అడవి శాఖది, మధ్యలో గీత పోతుందని చూపించాడు.

"మీ బండ గీతకు ఇటుందా, అటుందా? అటైతే మాత్రం నా చేతిలో లేదమ్మా. ఆడ ఆకు తెంపాలన్నా పైనుంచి రావాల."

తమ్ముడు ఫోను తీసి బండ ఉన్నచోటు అంకెలతో సహా చూపించాడు. వి.ఆర్.ఓ. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆ అంకెలు చూసి, పటం చూసి, స్కేలు పెట్టి కొలిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని అరగంట లెక్కలు వేశారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని తమ్ముడి మొహమే చూస్తున్నాను. జబ్బు మాట మరిచిపోయిన మొహం. ఊరొచ్చాక వాణ్ణి అలా చూడటం అదే మొదటిసారి.

"ఇటే ఉంది" అన్నాడు వి.ఆర్.ఓ. చివరికి. ఏదో గెలిచినట్టు నవ్వాడు. "రిపోర్టు నేను రాస్తాలే నాయనా. నువ్వు ఈ ఎండలో తిరగమాక."

తహసీల్దారు ఆఫీసులో మాత్రం అర్జీ చదివిన గుమాస్తా తలెత్తి మమ్మల్ని కిందికీ పైకీ చూశాడు.

"పెట్టె దాస్తారా? ఏం పెట్టె? గుప్తనిధులా ఏంది?"

మా వైపు పాడుబడిన గుళ్ళలో నిధుల కోసం తవ్వేవాళ్ళ బాధ ఉంది. కొండలో పెట్టె అనేసరికి ఆయనకు అదే తోచింది. తమ్ముడు ఓపికగా చెప్పుకొచ్చాడు: తవ్వేది లేదు, పూడ్చేది లేదు, లోపల పుస్తకం, పెన్సిలు తప్ప ఏమీ ఉండవు. పక్క బల్లల వాళ్ళు కూడా వచ్చి విన్నారు. ఒకాయన, "వెతుక్కోను మళ్ళా దాచడమెందుకు, బల్ల మీద పెడితే పోలా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. గుమాస్తా మాత్రం నవ్వకుండా, పోలీసు స్టేషను నుంచి అభ్యంతరం లేదని కాగితం తెమ్మన్నాడు.

స్టేషనులో హెడ్ కానిస్టేబులు అర్జీని రెండుసార్లు చదివి, బల్ల మీద బోర్లించి పెట్టాడు. పెద్దాయన. కుడి చెవి సరిగా వినిపించదేమో, ఎడమ చెవి మా వైపు తిప్పి కూర్చున్నాడు.

"టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఒక మాట చెప్తా ఇను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లమలలో డ్యూటీ. అడవిలో పెట్టె దొరికిందంటే నక్సలైట్ల డంపు అనేవాళ్ళం. తుపాకులు ఉండేవి, మందుపాతర ఉండేది. ఒక పొద్దు రాళ్ళ మధ్యన టిఫిను డబ్బా కనపడింది. నా పక్కనోడు వంగినాడు." అక్కడ ఆగి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "వాడిది కంభం. పెళ్ళయి ఏడాది కూడా కాలా."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"కొండ మీద పెట్టె అంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదమ్మా" అన్నాడు.

నేను అర్జీ తీసుకుని లేవబోయాను. తమ్ముడు కదల్లేదు. "సార్, లోపలిది కనపడే ప్లాస్టిక్ డబ్బా పెడతా. బయట నా పేరు, ఫోను నంబరు, ఈ స్టేషను నుంచి కాగితం ఉందనే మాట రాస్తా. ముందు మీరే తెరిచి చూసి ఇయ్యండి" అన్నాడు. మరునాడు కిరాణా దుకాణాల్లో వెతికి, గాజులా తేటగా ఉన్న డబ్బా ఒకటి కొని తీసుకెళ్ళాం. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి నాలుగు పక్కలా చూశాడు. మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత స్టేషను ఆఫీసరు చేత సంతకం పెట్టించి కాగితం ఇచ్చాడు.

అప్పటికి తమ్ముడి పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. కాగితాలన్నీ చేరినా ఫైలు కదల్లేదు. ఇలాంటిదానికి ఏ ఉత్తర్వు కింద అనుమతి ఇవ్వాలో ఎవరికీ తెలియదు. సోమవారం అర్జీల రోజున తహసీల్దారునే కలవమన్నాడు వి.ఆర్.ఓ. బడికి సెలవు పెట్టి తీసుకెళ్ళాను. వరండా నిండా జనం. పింఛను ఆగినవాళ్ళు, ఇంటిస్థలం రానివాళ్ళు, భూమి పేరు మారనివాళ్ళు. తమ్ముడు మెట్టు మీద కూర్చుంటే పక్కన ఒక ముసలామె పలకరించింది.

"ఏం నాయనా, పడుచోడివి, నీకేం కావాల? పింఛనా?"

"కాదవ్వా. కొండ మీద డబ్బా పెట్టుకోవాల."

"డబ్బాలో ఏముంటది?"

"పుస్తకం. వచ్చినోళ్ళు పేరు రాసి పోతారు."

ఆమె తన బొటనవేలు చూసుకుంది. "రాయను రానోళ్ళు వస్తే?"

తమ్ముడు నా వైపు తిరిగాడు. "చూసినావా అక్కా, ఇన్నేళ్ళు ఆడినా, నాకే తట్టలా." ఆ సాయంత్రమే వేలిముద్రల సిరాడబ్బా ఒకటి కొనిపించాడు.

తహసీల్దారు చిన్న వయసు ఆవిడ. అర్జీ చూసి విసుక్కోలేదు గానీ, సూటిగా అడిగింది.

"బయట ఎంతమంది ఏమేం బాధలతో కూర్చున్నారో చూశారు కదా. మీకు ఇది అంత అవసరమా?"

"అవసరం కాదు మేడమ్" అన్నాడు తమ్ముడు. "మా అమ్మ ఆ కొండ మీద పుల్లలు కొట్టుకున్యందుకు కొడవలి పోగొట్టుకుంది. మా వాడలో ఎవరూ ఎప్పుడూ దేనికీ అడిగి ఆ కొండ ఎక్కలా. నేను అడిగి ఎక్కుదామనుకున్యా. వద్దంటే ఎక్కను."

ఆవిడ వాడి చేతికేసి చూసింది. డయాలసిస్ సూదుల గుర్తులు ముంజేతి నిండా ఉబ్బి ఉన్నాయి. పదిరోజులకు కాగితం వచ్చింది. ఏడాది గడువు. తవ్వరాదు, పాతరాదు, విలువైన వస్తువులు ఉంచరాదు, ప్రభుత్వం కోరిన వెంటనే తొలగించవలెను. కింద సంతకం, గుండ్రటి ముద్ర. తమ్ముడు ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపటికీ మడవలేదు. దానికి నకలు తీయించి, ప్లాస్టిక్ కవరు వేయించి డబ్బా అడుగున పెట్టాడు.

డయాలసిస్ అయిన మరునాడైతే కొంచెం ఓపిక ఉంటుందని ఆ రోజు చూసుకుని, పొద్దున్నే ఆటోలో ఊరికి వెళ్ళాం. మేకలు పోయే బాట వెంట ఎక్కడం మొదలుపెట్టాం. పది అడుగులు వేసి నిలబడతాడు. మళ్ళీ పది. బాట మలుపు తిరిగే చోట ఒక రేల చెట్టు ఉంది. దాని కింద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేకపోయాడు.

"కాసేపు ఆగుదాంరా, తొందరేముంది" అన్నాను.

వాడు పైకి చూశాడు. బండ అంచు అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి పావుగంట దూరం.

"నువ్వు పోక్కా. నేను ఫోనులో చెప్తా."

"నువ్వు లేకుండా ఎందుకురా?"

"పోక్కా" అన్నాడు. డబ్బా నా చేతిలో పెట్టాడు. నేను డబ్బా కొంగులో కట్టుకుని ఎక్కాను. వాడు ఫోనులో చెబుతూనే ఉన్నాడు. ఎడమకు, ఇంకా ఎడమకు, బండకు ఉత్తరాన పగులు ఉంటది చూడు, అందులో పెట్టి ముందు రాయి ఆనించు, ఆనించినాక ఫోటో తీయి. చెప్పినట్టే చేశాను. పైనుంచి చూస్తే రేల చెట్టు కింద వాడి నీలం చొక్కా చిన్నదిగా కనిపిస్తోంది. చెయ్యి ఊపాను. వాడు అప్పుడు చూడటం లేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

దిగివచ్చేసరికి మామూలుగా ఉన్నాడు. ఫోటోలు చూసి, రాయి కొంచెం పక్కకు పెట్టుంటే బాగుండేదన్నాడు.

వెబ్‌సైటులో మా కొండ ఒక గుర్తై కనిపించింది. ఆ రోజు నుంచి ఎదురుచూపు మొదలైంది. డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు, వాడి ఒక చెయ్యి మిషనుకు ఉంటే, రెండో చేతిలో ఫోను. ఎవరన్నా వెళ్ళారా, ఏమన్నా రాశారా? నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. వాడలో మేకలు కాసేవాళ్ళు ఇద్దరు డబ్బా చూసి, తెరిచి, వేలిముద్రలు వేసి వచ్చామని ఫోను చేసి చెప్పారు. దానికి వాడు సంతోషపడ్డాడు. కానీ వాడు చూస్తున్నది దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసం. పటంలో గుర్తు చూసి, తెలియని నేల మీదికి పనిగట్టుకుని వచ్చే ఒక్క మనిషి కోసం.

మూడో నెలలో వాడు ఫోను తెరవడం తగ్గించాడు. అన్నం కూడా తగ్గించాడు. అడిగితే, "నోరు చేదుగా ఉందక్కా" అనేవాడు.

అప్పుడు నేనొక పని చేశాను. ఆ వెబ్‌సైటులో వేరే పేరుతో చేరాను. ఒక ఆదివారం చర్చికని చెప్పి ఒక్కదాన్నే ఊరికి వెళ్ళి కొండెక్కాను. పుస్తకంలో ఎడమ చేత్తో రాశాను. ఇంటికి వచ్చి వెబ్‌సైటులో కూడా రాశాను: 'విజయవాడ నుండి వచ్చాను. బండ మీది నుండి కనిపించే దృశ్యం ఎంతో మనోహరంగా ఉంది. ఈ చోటును చూపించినందుకు కృతజ్ఞతలు.'

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. "అక్కా, వచ్చినారు! విజయవాడ నుంచి!" ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి చేసేదేమీ లేకపోయినా గిన్నెలు కదిలించాను.

నాలుగు రోజులు గడిచాయి. ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తున్నాం. వాడు నా భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అక్కా."

"ఊఁ."

"ఆ విజయవాడాయన మళ్ళా వస్తానంటే వద్దని చెప్పు. ఆ దారంతా గులకరాళ్ళు. మోకాళ్ళు పోతాయి."

'మనోహరంగా' అనే పుస్తకాల మాట నేను రాసి ఉండకూడదు. ఆటలో తమ డబ్బా తామే దొరికించుకోవడం తప్పని నాకు చెప్పింది వాడే. నేల ఎవరిదో కనుక్కుని, వాచిన కాళ్ళతో ఇన్ని గడపలెక్కి, అడగందే ఒక రాయి కూడా కదిలించని మనిషి ఆటలో నేను అడక్కుండా చెయ్యి పెట్టాను. వాడు క్షమించాడు. లేక నా కోసం నమ్మినట్టు నటించి, ఆ నటన మొయ్యలేక ఒక్క మాట అన్నాడేమో. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడగడానికి ఎక్కువ రోజులూ మిగల్లేదు.

వాన మొదలయ్యే ముందు వాడు పోయాడు. ఒక ఉదయం ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. ఊరికి తీసుకెళ్ళి అమ్మ పక్కన సమాధి చేశాం. మా సమాధుల దొడ్డి కూడా పోరంబోకే. అక్కడ నేలకు మాత్రం మమ్మల్ని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

వాడి ఫోను నా దగ్గరే ఉంచుకుని, అందులో రోజూ చార్జింగు పెడుతూ వచ్చాను. ఎందుకంటే చెప్పలేను. రెండు నెలల తర్వాత తొమ్మిదో తరగతికి పద్యం చెబుతుండగా అది మోగింది. వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"నమస్తే అండి. మేం గుంతకల్లు నుంచి వచ్చినాం. నేను రైల్వేలో చేసి రిటైరైనాను. ఇక్కడ కొండ మీద మీ డబ్బా దొరికింది" అన్నాడు ఒక పెద్దాయన. ఆయాసపడుతున్నాడు. పక్కన ఆడమనిషి నవ్వు వినిపిస్తోంది. "మా ఆవిడ, నేను చాలా ఊర్లు తిరిగి ఈ డబ్బాలు వెతుకుతుంటామమ్మా. అనుమతి పత్రం నకలు లోపల పెట్టినోళ్ళను ఎక్కడా చూడలేదు. ఆయన్ని ఒకసారి కలిసి పోదామని. ఉన్నారా?"

"లేడండి" అన్నాను.

"ఊర్లో లేరా?"

నేను చెప్పాలనుకున్నాను. నిజంగా చెప్పాలనుకున్నాను. అంత దూరపు జిల్లా నుంచి పనిగట్టుకుని వచ్చి, కొండెక్కి, ఆ బండ మీద సంతోషంగా నిలబడి ఉన్న ఇద్దరు ముసలివాళ్ళు.

"అవునండి. ఊర్లో లేడు" అన్నాను.

"సరేనమ్మా. మంచి చోటు చూపించినాడని చెప్పండి. తప్పకుండా చెప్పండి."

"చెప్తాను."

ఫోను పెట్టేసి క్లాసులోకి వెళ్ళాను. పద్యంలో ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. ముందు బెంచీ అమ్మాయి లేచి చెప్పింది.

ఏడాది గడువు దాటేలోపు పొడిగింపు కోసం ఆఫీసుకు వెళ్ళాను. ఆ తహసీల్దారు బదిలీ అయి వెళ్ళిపోయింది. గుమాస్తా పాతాయనే. అర్జీదారు స్వయంగా రావాలన్నాడు. నేను మరణ ధ్రువపత్రం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదివి తలెత్తాడు.

"ఆ నవ్వేటాయనేనా?"

"అవునండి."

ఆయన లేచి నాకు కుర్చీ వేశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అనుమతి మనిషికి ఇచ్చింది, మనిషితోనే పోతుంది. నా పేరున కొత్త అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఆ పోరంబోకును సోలారు పలకలకు ఇచ్చే ప్రతిపాదన నడుస్తోంది, సర్వే అయిపోయింది, ఇప్పుడు ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వరు. డబ్బా తీసేసినట్టు రాసి ఇవ్వాలి.

"తీయకపోతే పైకెక్కి చూసేది ఎవరమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. మంచిమాటగానే అన్నాడు.

ఆ మాటకు ఒప్పుకుని ఉండొచ్చు. ఆ పగుల్లో అది ఇంకో నాలుగేళ్ళు ఉండేది. కానీ కోరిన వెంటనే తొలగిస్తానని సంతకం పెట్టింది తమ్ముడు. వాడి మాటను నేను రెండోసారి తప్పించదలచుకోలేదు.

తొలగించినట్టు చూసి సంతకం పెట్టాల్సింది మళ్ళీ ఆ వి.ఆర్.ఓ.నే. నేను వద్దన్నా వినకుండా ఆయన నాతో పాటు కొండెక్కాడు. రాయి జరిపి డబ్బా బయటికి తీశాను. ఎండకు ప్లాస్టిక్ పసుపు తిరిగింది. ఆయన బండ మీద చతికిలబడి, అలుపు తీర్చుకుని, చెయ్యి చాపాడు.

"ఒకసారి ఇయ్యమ్మా."

పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. మేకల వాళ్ళ వేలిముద్రలు, నా ఎడమచేతి రాత, గుంతకల్లు దంపతుల సంతకాలు. ఇంకో మూడో నాలుగో పేర్లు ఉన్నాయి, నేను అప్పటిదాకా చూడనివి. కొండ కింద రోడ్డు వేసిన కూలీలు కాబోలు, రెండు పేర్లు ఒరియాలో ఉన్నాయి.

"ఆ పటంలో గీత కొలిచినప్పుడే అనుకున్యా, ఒక తూరి ఎక్కి చూడాలని. సర్వీసులో ఒక్కనాడన్నా ఈ కొండ ఎక్కలా నేను. కాగితంలోనే చూసినా." జేబులోంచి పెన్ను తీశాడు. "ఇప్పుడు రాస్తే లెక్కలోకి వస్తదా?"

"రాదు సార్. తీసేసినాంగా."

"కానీలే" అని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, తన పేరు, హోదా, తేదీ ఆఫీసు కాగితం మీద రాసినంత శ్రద్ధగా రాశాడు. రాశాక సిరా ఆరేదాకా ఊదాడు.

ఇద్దరం కిందికి దిగాం. ఆయన తన మోటారు సైకిలు మీద నన్ను కొనకనమిట్ల బస్సు ఆగే చోట దింపి, తొలగింపు కాగితం నకలు నా చేతికిచ్చి వెళ్ళాడు. మార్కాపురం బస్సు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో డబ్బా మోకాళ్ళకు తగులుతుంటే, తమ్ముడి ఫోను తీసి, వెబ్‌సైటులో ఆ పేజీ తెరిచాను. ఈ డబ్బాను శాశ్వతంగా తొలగిస్తున్నారా అని ఇంగ్లీషులో అడిగింది. కారణం రాయడానికి ఖాళీ పెట్టె ఇచ్చింది. పొదిలి రోడ్డు గతుకుల్లో వేలు నిలవక, రాసిందే రెండుసార్లు చెరిపాను. చివరికి 'అనుమతి ముగిసింది' అని తెలుగులోనే రాసి పంపించాను.